గుండీలు, మొలలు, గింజలు: వర్గీకరణ పాఠం ఎక్కడ తెగుతుంది, ఎలా అతకాలి

మీరు అడిగింది ఇది. హన్మకొండ దగ్గరి హైస్కూల్లో తొమ్మిదో తరగతికి జీవుల వర్గీకరణ పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలతో ఇళ్ల నుంచి గుండీలు, సీసా మూతలు, మొలలు తెప్పించారు. వాళ్లు పది నిమిషాల్లో రంగుల వారీగా కుప్పలు పోసి "అయిపోయింది టీచర్" అన్నారు. మర్నాడు రాజ్యం, వర్గం, తరగతి, క్రమం అని బోర్డు మీద రాస్తే, నిన్నటి కుప్పలకూ ఈ వరుసకూ సంబంధమేంటో ఒక్కరికీ అందలేదు. లోపం ఎక్కడుంది, ఈ రెండింటినీ ఎలా కలపాలి, మార్కులు దేనికి వేయాలి అని అడిగారు. వరంగల్ చుట్టుపక్కల బడుల్లో చాలాకాలంగా జీవశాస్త్రం చెబుతున్నాను కాబట్టి, క్లాసులో నిలబడిన పద్ధతే రాస్తాను.

రంగును బట్టి కుప్పలు పోయడం తప్పేమీ కాదు, అదీ ఒక పద్ధతే. చిక్కంతా అక్కడితో ఆపేయడంలో ఉంది. అదే సామాను రెండోసారి వేరే నియమంతో, మూడోసారి ఇంకో నియమంతో పోయించాలి. ఆ తర్వాత "మనం ఇంకా పరీక్షించి చూడని సంగతిని ఈ మూడింటిలో ఏ పద్ధతి ముందే చెప్పగలదు?" అని అడగాలి. ఈ ప్రశ్న అడగనంతవరకు పిల్లలు చేసేది ఇల్లు సర్దడమే. దీన్ని ఎలా అడగాలో చెప్పే ముందు సామాను గురించి రెండు మాటలు.

పిల్లల్ని "ఏదైనా తెండి" అంటే రంగురంగుల ప్లాస్టిక్ మూతలే తెస్తారు. రంగు అంతలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే ఇంకో లక్షణం వైపు కన్ను పోదు. అందుకే నేను హార్డ్‌వేర్ షాపు నుంచి మొలలు, స్క్రూలు, నట్లు, బోల్టులు, వాషర్లు కొన్ని తెచ్చి, వాటికి ఇంట్లోని పిన్నీసులు, పేపర్ క్లిప్పులు, పాత తాళంచెవులు, గుండీలు కలుపుతాను. దాదాపు అన్నీ ఒకే బూడిద రంగులో ఉండేసరికి పిల్లలు తల, మొన, మర, రంధ్రం చూడటం మొదలుపెడతారు. గ్రూపుకు పన్నెండు, పదిహేను వస్తువులు చాలు. అందులో రెండు మూడు ఇబ్బంది పెట్టేవి కావాలనే పడేయండి: ప్లాస్టిక్ తల ఉన్న గుండుసూది, వెనక ఇనుప కొక్కెం ఉన్న గుండీ, సగం విరిగిన స్క్రూ. గొడవ పుట్టేది వాటి దగ్గరే, పాఠం పుట్టేదీ అక్కడే. చిన్న బటన్ బ్యాటరీలు మాత్రం ఏ తరగతిలోనూ పెట్టకండి. నోట్లో వేసుకుంటే ప్రాణాలమీదికొస్తుంది.

మొదటి విడత ఏ నియమమూ చెప్పకుండా వదిలేయండి. కుప్పలు అయ్యాక ప్రతి గ్రూపూ పక్క బెంచీ దగ్గరికి వెళ్లి, అక్కడివాళ్లు నోరు విప్పకుండానే, వాళ్ల నియమం ఏంటో కనిపెట్టాలి. ఆ తర్వాత మీరు జేబులోంచి ఒక కొత్త వస్తువు తీసి "ఇది ఏ కుప్పలోకి?" అని అడగండి. సొంత గ్రూపూ, వచ్చిన గ్రూపూ ఒకే కుప్ప చూపిస్తే నియమం గట్టిదన్నమాట. "పెద్దవి, చిన్నవి" అన్నవాళ్లు ఇక్కడ దొరికిపోతారు, దేనికంటే పెద్దది? "3 సెంటీమీటర్ల కంటే పొడవైనవి" అంటే ఇద్దరికీ ఒకే జవాబు వస్తుంది. "పనికొచ్చేవి, పనికిరానివి" కూడా ఇలాగే కూలిపోతుంది. ఒకరికి పనికిరాని నట్టు బైక్ మెకానిక్ కొడుక్కి పనికొస్తుంది, వాడు ఊరుకోడు. చూసేవాడు మారినా జవాబు మారకూడదన్న సంగతి మీరు చెప్పకుండానే పిల్లలకు తెలిసిపోతుంది.

ప్రతి క్లాసులోనూ ఒక గ్రూపు "ఇతరాలు" అని ఒక కుప్ప పెడుతుంది. దాన్ని తిట్టకండి, గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. "ఈ కుప్పలో ఉన్నవాటికి ఒకదానికొకటి పోలిక ఏంటి?" అని అడిగితే "మిగతా కుప్పల్లోకి రాకపోవడమే" అంటారు. అకశేరుకాల దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాటే మళ్లీ ఎత్తండి. జంతు జాతుల్లో నూటికి 95కు పైగా వెన్నెముక లేనివే. వానపాము, రొయ్య, తేలు, నత్త, జలగ అన్నింటినీ కలిపి ఒక పేరు పెట్టామంటే, వాటికి వెన్నెముక లేదని చెప్పామంతే. వాటికేం ఉందో చెప్పలేదు. తేలుకూ రొయ్యకూ కీళ్లున్న కాళ్లున్నాయి కాబట్టి అవి ఒక చోటికి వస్తాయి, నత్త వేరే దారి పడుతుంది. "లేకపోవడం" మీద కట్టిన కుప్ప గట్టిగా నిలవదన్నది ఆ ఇతరాల కుప్ప చూసిన పిల్లవాడికి సులువుగా ఎక్కుతుంది.

రెండో పీరియడులో కుప్పను కుప్పగా వదలకుండా విడగొట్టించండి. ఎనిమిది వస్తువులు తీసుకుని, అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నతో రెండు చేయాలి. ప్రతి ముక్కనూ మళ్లీ రెండు చేయాలి. ఒక్కో వస్తువు ఒంటరిగా మిగిలేదాకా ఇలా వెళ్లి, ఆ కొమ్మలన్నీ కాగితం మీద గీయాలి. 8 వస్తువుల్ని పూర్తిగా విడదీయడానికి ఎలా గీసినా 7 ప్రశ్నలే అవుతాయి. ఎవరైనా 6తో ముగించామంటే ఎక్కడో రెండు వస్తువులు అతుక్కునే ఉన్నాయని అర్థం, వెతకమనండి. ప్రతిసారీ సగానికి సగం విడిపోయే ప్రశ్న వేసిన గ్రూపు ఏ వస్తువునైనా 3 ప్రశ్నల్లో పట్టుకుంటుంది. ఒక్కొక్కటే పక్కకు తీస్తూ పోయిన గ్రూపు చివరి వస్తువు కోసం 7 ప్రశ్నలూ దాటాలి. లెక్కల టీచర్ పక్క క్లాసులో ఉంటే పిలవండి, ఆయనకూ ఇది సరదాగా ఉంటుంది. ఒక పొరపాటు మాత్రం దాదాపు అందరూ చేస్తారు: ఒకే ప్రశ్నకు ఒక కొమ్మ మీద "తలలో గాడి ఉంది" అనీ, రెండో కొమ్మ మీద "ఇనుముతో చేసింది" అనీ రాస్తారు. రెండు కొమ్మలూ ఒకే లక్షణం గురించి మాట్లాడాలి. ఆ కాగితాన్ని ఇంకో గ్రూపుకు ఇచ్చి, ఒక వస్తువును దాని సాయంతో గుర్తించమంటే పొరపాట్లు వాటంతటవే బయటపడతాయి. మొక్కల్ని గుర్తించడానికి ఇలాంటి రెండు దారుల పట్టికల్ని 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ ఫ్రాన్స్ మొక్కల కోసం వాడాడు. అడవుల్లో మొక్కలు చూసేవాళ్లు ఇప్పటికీ ఇదే వాడతారు.

ఇక అసలు ప్రశ్న. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి దాచి ఉంచండి. దాన్ని చూపించే ముందే, ప్రతి గ్రూపూ తన కుప్పల్ని బట్టి ఏవి అంటుకుంటాయో రాసివ్వాలి. రంగుతో పోసినవాళ్లకు చెప్పడానికి ఏమీ ఉండదు. పొడవుతో పోసినవాళ్లకూ అంతే. దేనితో చేశారన్న దాన్నిబట్టి పోసినవాళ్లు చాలావరకు సరిగ్గా చెబుతారు. అదే కుప్పలు తుప్పు గురించి, నీళ్లలో మునగడం గురించి, ఎండలో వేడెక్కడం గురించి కూడా ఎంతో కొంత చెబుతాయి. ఒక లక్షణంతో చేసిన విభజన చూడని నాలుగు లక్షణాల్ని మోసుకొస్తే అది మంచి వర్గీకరణ. పిల్లలకు నేను చెప్పే నిర్వచనం ఇదొక్కటే.

వాళ్లు మరీ ధీమాగా ఉంటే నాణేలు తీయండి. రూపాయి, 2 రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అంటుకుంటాయి. పసుపు రంగు 5 రూపాయలది నికెల్ కలిసిన ఇత్తడి, అంటుకోదు. కానీ మధ్యలో కొన్నాళ్లు స్టీలు 5 రూపాయల బిళ్లలు వచ్చాయి, అవి అంటుకుంటాయి. షాపతనికి అన్నీ 5 రూపాయలే, అయస్కాంతానికి మాత్రం రెండు రకాలు. ఎవరి పనికి వాళ్ల కుప్ప సరైనదే.

ఈ మాటకు మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ కంటే మంచి సాక్ష్యం లేదు. మిర్చి సీజన్లో తేజ, వండర్‌హాట్, చపాటా వేర్వేరు కుప్పలు, వేర్వేరు ధరలు. ఎర్రగా, గుండ్రంగా, కారం తక్కువగా ఉండే చపాటాను టమాట మిర్చి అని కూడా అంటారు, అది ఈ ప్రాంతపు పంటేనని చెప్పే జీఐ గుర్తింపు కూడా దానికి వచ్చింది. కల్లంలోనే రంగు తగ్గిన కాయల్ని తాలు అని ఏరి పక్కన పోస్తారు, దాని ధర వేరు. మీ క్లాసులో సగం మంది ఆ ఏరుడు చేసినవాళ్లే అయి ఉంటారు. వాళ్ల చేతే చెప్పించండి, ఏ కాయ తాలు, ఏది కాదో. వృక్షశాస్త్రం మాత్రం ఈ మూడు రకాలకూ కలిపి ఒకే పేరు పెట్టింది, కాప్సికమ్ ఆన్యుమ్. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. జాతికీ రకానికీ తేడా చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది టీచర్లు వదిలేసే మెట్టు ఒకటుంది. మీ క్లాసులో దారం తెగింది కూడా ఇక్కడేనని నా అనుమానం. మొలకూ స్క్రూకూ పూర్వీకులు లేరు. వాటిని ఏ కొమ్మల చెట్టుగా గీసినా అది మన సౌకర్యం, ఒక చెట్టు నిజం ఇంకోటి అబద్ధం అని తేల్చే మార్గం లేదు. జీవులకు అలా కాదు. వాటికి వంశం ఉంది. ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి ఒక్క లక్షణాన్ని కాదు, లక్షణాల మూటనే పంచుకుంటాయి. అందుకే జీవుల్లో సరైన కుప్ప అనేది ఒకటి ఉంటుంది, దాన్ని వెతకాలి. మొలల్లో కుప్పల్ని కల్పిస్తాం, జీవుల్లో వెతుకుతాం. ఈ తేడా చెప్పకుండా గుండీల నుంచి నేరుగా రాజ్యాల్లోకి దూకితే పిల్లలు జీవుల వర్గీకరణ కూడా ఎవరో కూర్చుని సర్దిపెట్టిందే అనుకుంటారు, బట్టీ పడతారు. కాబట్టి గుండీలకు రెండు పీరియడ్లు చాలు, మూడో పీరియడుకు గింజలు రావాలి.

కందులు, పెసలు, శనగలు, బొబ్బర్లు, పల్లీలు, మక్కలు, వడ్లు, జొన్నలు. ఇంటి నుంచి గుప్పెడు గుప్పెడు తెమ్మనండి. పప్పుగా విరిచినవి, బియ్యంగా ఆడించినవి మొలకెత్తవు, గింజ గింజగానే కావాలి. విత్తనాల ప్యాకెట్లలోని మక్క, పత్తి గింజలు వద్దు, వాటి మీద రంగుతో పాటు మందు పూత ఉంటుంది. చేనుగట్ల మీద దొరికే గురువింద గింజలు చూడ్డానికి బాగుంటాయని ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. అవి, ఆముదం గింజలు, ఉమ్మెత్త గింజలు విషం, గది లోపలికే రానివ్వకండి.

ముందు వాళ్లకు తోచినట్టు పోయమనండి. పప్పుకు పనికొచ్చేవి, రొట్టెకు పనికొచ్చేవి, నూనెకు పనికొచ్చేవి అంటారు. వంటింటికి అది సరైన పద్ధతే. తర్వాత రాత్రంతా నానబెట్టిన గింజల పొట్టు తీసి వేళ్లతో నొక్కమనండి. కంది, పెసర, శనగ, బొబ్బర, పల్లి రెండు బద్దలుగా విడిపోతాయి. మక్క, వడ్లు, జొన్న విడిపోవు. విడిపోయేవి ద్విదళబీజాలు, విడిపోనివి ఏకదళబీజాలు. ఇదొక్కటి చూసి ఆగకుండా మట్టి నింపిన కప్పుల్లో వేయించి, ఆకు ఈనెలు ఎలా ఉంటాయో, వేర్లు ఎలా ఉంటాయో ముందే ఊహించి రాయమనండి. పది రోజులకు బద్దలు విడిపోయినవాటికి ఆకుల్లో ఈనెలు వలలా అల్లుకుని ఉంటాయి, వేర్ల నడుమ ఒక తల్లివేరు కనిపిస్తుంది. విడిపోనివాటికి ఈనెలు గీతల్లా సమాంతరంగా, వేర్లు పీచులా ఉంటాయి. తొందరపడి రెండో రోజే పీకి చూస్తే మక్కకు కూడా ఒకే వేరు కనిపించి తికమకపడతారు, వారమైనా ఆగాలి. గింజను నొక్కి చూసి ఆకు సంగతి చెప్పగలిగామన్న ఆశ్చర్యం పిల్లల మొహాల్లో కనిపిస్తుంది. మొలలతో అది రాదు.

వెంటనే దాన్ని కాస్త చెడగొట్టండి కూడా. చామగడ్డ ఏకదళబీజమే, కానీ దాని ఆకులో ఈనెలు వలలా ఉంటాయి. సీతాఫలం ఆకు వలలా ఉంటుంది, పువ్వుకేమో మూడే రేకులు. ఒక్క లక్షణాన్ని నమ్ముకుంటే మోసపోతామని, నాలుగైదు కలిపి చూడాలని దీంతో తెలుస్తుంది. నిజానికి పువ్వులు పూసే మొక్కల్ని ఏకదళ, ద్విదళ అని రెండే ముక్కలు చేస్తే సరిపోదని 1990ల నుంచి డీఎన్ఏ పరిశీలనలు తేల్చాయి. సీతాఫలం, మిరియం ఉన్న శాఖ మిగతా ద్విదళబీజాల నుంచి చాలా ముందే వేరుపడింది. తొమ్మిదో తరగతికి ఇది పరీక్షలో రాదు, చురుకైన పిల్లలు అడిగితే చెప్పండి.

మీ పాఠం బతుకమ్మ రోజులకు దగ్గరగా పడితే గింజలతో పాటు పువ్వులు కూడా పెట్టండి. మన దగ్గర ఇంత చక్కని అవకాశం ఇంకోటి లేదు. బతుకమ్మ పేర్చేవాళ్లు పువ్వుల్ని రంగును, కాడ పొడవును బట్టి వరుసలు చేస్తారు. తంగేడు, బంతి, గుమ్మడి పువ్వు పక్కపక్కన చేరతాయి, మూడూ పసుపే కదా. ఇప్పుడు లోపల చూడమనండి. తంగేడుకు చిక్కుడులాంటి కాయ కాస్తుంది, అది కందికి, చింతకు చుట్టం. బంతిలో ఒక్కో "రేకు" లాగి చూస్తే అది విడిగా ఒక చిన్న పువ్వు. అంటే మనం బంతిపువ్వు అనుకునేది పువ్వుల గుత్తి, చామంతి కూడా అలాంటిదే. గుమ్మడి పువ్వు బీర పువ్వుతో కలుస్తుంది. ఇక గునుగు, పట్టుకుచ్చు చూడ్డానికి ఎక్కడా కలవవు, ఒకటి సన్నటి వెండి కంకి, ఇంకోటి ముడతలు పడ్డ ఎర్ర వెల్వెట్. రెండింటినీ ఎండబెట్టి తెల్ల కాగితం మీద దులపమనండి. నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి, రెండింటివీ ఒకేలా. పక్కన తోటకూర గింజలు పోస్తే మూడింటికీ తేడా చెప్పడం కష్టం. గునుగు, పట్టుకుచ్చు ఒకే ప్రజాతి, తోటకూర అదే కుటుంబం. ప్రజాతి, కుటుంబం అనే మాటలు బోర్డు మీద రాయాల్సింది ఈ గింజలు చేతిలో ఉన్నప్పుడు. అప్పుడు కుటుంబం పెద్ద కుప్ప అనీ, దాని లోపల ప్రజాతి చిన్న కుప్ప అనీ విడమరిచి చెప్పే పని ఉండదు.

పువ్వుల కాలం కాకపోతే కూరగాయల అంగడి చాలు. ఆలుగడ్డ, ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, చామగడ్డ, మోరంగడ్డ, అల్లం, ముల్లంగి ఒకే బుట్టలో ఉంటాయి. కన్నులు, కణుపులు వెతకమంటే ఆలుగడ్డ, చామగడ్డ, అల్లం కాండాలుగా తేలతాయి. మోరంగడ్డ, ముల్లంగి వేర్లు. ఉల్లి, ఎల్లి గడ్డల్లో మనం తినేది ఆకుల అడుగు భాగం. పెరట్లో టమాట, వంకాయ, మిర్చి పువ్వులు దొరికితే పక్కపక్కన పెట్టండి, ఆలుగడ్డ పువ్వు కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఈ నాలుగూ ఒకే కుటుంబం. భూమిలో ఊరినంత మాత్రాన మోరంగడ్డ ఆలుగడ్డ కుటుంబంలోకి రాదు.

జీవులకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని నిలబెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ గురించి పుట్టిన తేదీ, బిరుదు చెప్పి వదలకండి, ఆయన కూడా కుప్పలు మార్చుకున్నవాడే. మొక్కల్ని ముఖ్యంగా పువ్వులో పుప్పొడి ఉండే కేసరాలు లెక్కపెట్టి 24 తరగతులు చేశాడు. లెక్క తేలికే, కానీ ఐదు కేసరాలు ఉన్నాయి కాబట్టి మిర్చి, కొత్తిమీర ఒకే తరగతిలో పడ్డాయి. ఇది కృత్రిమ పద్ధతేనని ఆయనకూ తెలుసు. తిమింగలాన్ని 1735లో చేపల్లో పెట్టి, 1758 నాటికి పాలిచ్చే జంతువుల్లోకి మార్చాడు. 1859లో డార్విన్ వచ్చాక కుప్పల వెనక ఉన్నది వంశమని తేలింది. 1969లో అమెరికా శాస్త్రవేత్త విట్టేకర్ జీవులన్నీ ఐదు రాజ్యాలన్నాడు, పుట్టగొడుగుల్ని మొక్కల నుంచి వేరు చేశాడు. వాటి కణ కవచంలో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థం రొయ్య పెంకులోనూ ఉంటుంది. 1977లో అమెరికా శాస్త్రవేత్త వోస్ బ్యాక్టీరియాలా కనిపించే ఆర్కియా అనే సూక్ష్మజీవుల్ని విడిగా గుర్తించాడు. ఈ తేదీలన్నీ పిల్లలకు అక్కర్లేదు. పుస్తకంలోని పట్టిక ఇప్పటికి కుదిరిన కుప్ప అని తెలిస్తే చాలు.

మార్కుల సంగతి. రాజ్యం నుంచి జాతి దాకా వరుస పరీక్షలో అడుగుతారు, దానికి కాస్త బట్టీ తప్పదు, అది తప్పు కూడా కాదు. మీరు పెట్టే యూనిట్ టెస్టులో మాత్రం పిల్లలు క్లాసులో ముట్టని వస్తువు ఒకటి ఇవ్వండి. నేను మెంతులు ఇస్తాను. ముందురోజు నానబెట్టిన నాలుగు గింజలు చేతిలో పెట్టి, ఇది ఏ కుప్పలోకి వస్తుంది, ఏం చూసి అన్నావు, నాటితే ఆకు, వేరు ఎలా ఉంటాయనుకుంటున్నావు, నీ ఊహ తప్పని ఏది కనిపిస్తే ఒప్పుకుంటావు అని రాయమంటాను. కుప్ప పేరుకు ఒక మార్కు, మిగతావి మూడూ కారణానికీ, ఊహకూ, చివరి జవాబుకూ. పేరు తప్పు రాసినా చూసిన లక్షణం సరిగ్గా రాసి, దాన్నుంచి ఊహ సరిగ్గా లాగి, చివరి జవాబు కూడా రాసిన పిల్లవాడికి నేను మూడు వేస్తాను. పేరు ఒక్కటే సరిగ్గా రాసి ఊరుకున్నవాడికి ఒకటి. మొదటి టెస్టులో ఇళ్ల నుంచి ఫిర్యాదులు వస్తాయి, ముందే తల్లిదండ్రుల మీటింగులో ఆ మెంతి గింజలు వాళ్ల చేతిలోనూ పెట్టండి.